ముల్లుగర్ర మొనలో కేంద్రం

మాచర్లలో పదో తరగతి చదివే పిల్లలకు రెండు స్తూపాలు తెలుసు. ఒకటి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మీదికి వెళ్లి చూసి వచ్చేది. రెండోది లెక్కల పుస్తకంలో వ్యాసార్ధం, ఎత్తు ఇచ్చి ఘనపరిమాణం ఎంతో కనుక్కోమనేది. కొండ మీది దానికి గుమ్మటం ఉంటుంది. పుస్తకంలోని దానికి పైనా కిందా బల్లపరుపే. ఇంగ్లీషు మీడియం పిల్లలు దాన్ని సిలిండర్ అని సరిపెట్టుకుంటారు. తికమకంతా తెలుగు మీడియం వాళ్లకే.

బౌద్ధ స్తూపాన్ని కింది నుంచి పైకి చూసుకుంటూ పోతే తికమక కొంత తీరుతుంది. అడుగున గుండ్రటి దిమ్మె, దాన్ని మేధి అంటారు. దాని మీద అర్ధగోళం, పేరు అండం. ఆ పైన చదరపు కంచె హర్మిక, దాని నడుమ గొడుగు. లెక్కల స్తూపానికి సరిపోయేది మేధి ఒక్కటే. అండం ‘అర్ధగోళం’ పేరుతో వేరే లెక్కల్లోకి పోతుంది. పల్నాడు జిల్లాలో అటు అమరావతి, ఇటు నాగార్జునకొండ రెండూ ఉన్నాయి కాబట్టి ఈ పాఠం చెప్పే మేష్టారు బొమ్మ గీయనక్కర్లేదు, ఒక బస్సు మాట్లాడితే చాలు.

లెక్కల స్తూపం ఆకారానికి గ్రీకులు పెట్టుకున్న పేరు కులిండ్రోస్. దొర్లేది అని అర్థం. కళ్లం చదును చేయడానికి దొర్లించే పెద్ద గుండును రోమన్లు కూడా ఈ గ్రీకు మాటతోనే పిలిచారు. అంటే మనం ఆ ఆకారాన్ని నిలబెట్టి చూశాం, వాళ్లు పడుకోబెట్టి చూశారు.

గ్రీకు జ్యామితి అనగానే క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ గుర్తొస్తుంది. నిర్వచనం, స్వీకృతం, సిద్ధాంతం, ఉపపత్తి అంటూ వరసపెట్టి నడిచే పుస్తకం. కానీ అందులోని పేర్లను గీకి చూస్తే అడుగున కనిపించేది వంటిల్లూ, పొలమూ, వడ్రంగి కొట్టమూ. ట్రపేజా అంటే బల్ల, ట్రపేజియోన్ అంటే చిన్న బల్ల. మన పుస్తకాల్లో సమలంబ చతుర్భుజం, ట్రెపీజియం అని రెండు పేర్లతో తిరిగేది అదే. ఇవాళ ఏథెన్స్ వీధిలో ‘ట్రపేజా’ అనే బోర్డు కనిపిస్తే అది బ్యాంకు. పూర్వం డబ్బు మార్చేవాళ్లు బల్ల వేసుకుని కూర్చునేవాళ్లు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. యూక్లిడ్ మాత్రం ఈ మాటను చాలా ఉదారంగా వాడాడు. చతురస్రం, దీర్ఘచతురస్రం, రాంబస్, సమాంతర చతుర్భుజం కాని నాలుగు భుజాల బొమ్మలన్నీ ఆయన లెక్కలో చిన్న బల్లలే. రెండు భుజాలు సమాంతరంగా ఉండాలన్న షరతు తర్వాతి వాళ్లు పెట్టింది.

రాంబస్ కథ పల్నాడు వాళ్లకు ఇంకా దగ్గర. రోంబోస్ అంటే గిర్రున తిరిగేది. తాడు కట్టి తల చుట్టూ తిప్పితే రొద చేసే చెక్క ముక్కనీ అలాగే అన్నారు, బొంగరాన్నీ అలాగే అన్నారు. పల్నాటి వీరుల కథలో బాలచంద్రుడి బొంగరాలాట ఎంత ప్రసిద్ధమో చెప్పక్కర్లేదు. ఆ ఆటలోంచే కథ కారంపూడి యుద్ధం వైపు మళ్లుతుంది. ఆ బొంగరాన్ని పక్క నుంచి చూసి గీస్తే కాగితం మీద పడేది దాదాపు ఒక రోంబోసే. ‘సమచతుర్భుజం’ అన్నప్పుడు భుజాలన్నీ సమానమని తెలుస్తుంది గానీ బొంగరం కనపడదు. ఆ మాటకొస్తే ఇంగ్లీషులో రాంబస్ అనేవాళ్లకీ కనపడదు.

అన్నిటికన్నా దూరం నడిచిన మాట కెంట్రోన్. ఎద్దును అదిలించడానికి కర్ర చివర దిగ్గొట్టిన ముల్లు అది, మన ముల్లుగర్ర మొన. గుచ్చడం అనే క్రియ నుంచి పుట్టింది. వృత్తం గీయాలంటే వృత్తలేఖిని కాలు ఒకటి కాగితంలో గుచ్చి నిలపాలి కదా, ఆ గుచ్చిన చోటు కెంట్రోన్ అయింది. లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి పోయి సెంటర్ అయింది. సంస్కృతంలోకి వచ్చి కేంద్రం అయింది. నరసరావుపేట ఇప్పుడు ‘జిల్లా కేంద్రం’. 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడినప్పుడు ఆ ఊరికి దక్కిన హోదా పేరులో ఒక గ్రీకు రైతు చేతి ముల్లు దాగి ఉంది.

నాగార్జునకొండ లోయలో ఇటుకలు పేర్చినవాళ్లకు కూడా మొదట కావలసింది ఆ గుచ్చిన చోటే. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడ ఉండేది. 1926లో ఎ.ఆర్. సరస్వతి ఈ శిథిలాలను గుర్తించాడు. మరుసటి ఏడు నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టాడు. ఆ తర్వాత నాగార్జునసాగర్ ఆనకట్ట నీళ్లు లోయను ముంచెత్తబోతుండగా 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పెద్ద ఎత్తున తవ్వారు. బయటపడ్డ స్తూపాల పునాదుల్లో చాలా వాటికి బండి చక్రపు నమూనా ఉంది. నడుమ బొడ్డు, బయట చుట్టుగోడ, రెంటినీ కలుపుతూ ఇటుక గోడల ‘ఆకులు’. ఆకులు కొన్నింట్లో నాలుగు, కొన్నింట్లో ఆరు, ఎనిమిది, పది. మధ్య గదుల్లో మట్టి కూరారు. గుమ్మటం బరువు అడ్డంగా నెట్టినా ఆ ఆకుల గోడలు పట్టి ఉంచుతాయి. ఒకటి రెండు స్తూపాల నడిబొడ్డులో స్వస్తిక ఆకారం కూడా పేర్చారు. వృత్తాన్ని ఆరు భాగాలుగా, పది భాగాలుగా నేల మీద తాడుతో పంచడం ఎలాగో ఆ మేస్త్రీలు రాసిపెట్టలేదు, కట్టి చూపించారు.

ఆ లోయకు యవనులు, అంటే గ్రీకులు, కొత్త కాదు. అక్కడి ప్రాకృత శాసనం ఒకటి బౌద్ధం వ్యాపించిన దేశాల పేర్లలో కాశ్మీర, గాంధార, చీనాలతో పాటు యవనాన్నీ చెబుతుంది. రోమన్ బంగారు నాణేలు దొరికాయి. రాజప్రాసాదం ఉన్న చోట ఒక స్తంభం మీద కొమ్ము పాత్ర పట్టుకున్న అర్ధనగ్న పురుషుడున్నాడు, పక్కనే సారాయి పీపా. గ్రీకుల మద్య దేవుడు డయోనిసస్‌ను పోలిన బొమ్మ అది. వర్తకులూ, శిల్ప నమూనాలూ ఇంత దూరం వచ్చాయి. మరి జ్యామితి మాటలు?

అవి వచ్చాయి, కానీ బడి దారిన రాలేదు. జ్యోతిషం దారిన వచ్చాయి.

జాతక చక్రంలో 1, 4, 7, 10 స్థానాలను కేంద్రాలంటారు. గ్రీకు జ్యోతిష్కులు ఆ నాలుగింటినీ అదే మాటతో పిలిచేవారు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు ‘బృహజ్జాతకం’లో రాశులకు మేషం, వృషభం లాంటి పేర్లతో పాటు క్రియ, తావురి, జితుమ, లేయ అనే వింత పేర్లు కూడా ఇచ్చాడు. అవి గ్రీకు క్రియోస్, టౌరోస్, డిడుమోయ్, లెయోన్. యవనులు మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రంలో ఋషుల్లాగే పూజ్యులని ఆయన దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు కూడా. హోర అంటే గ్రీకులో గంట, ఋతువు. రాశిలో మూడో వంతు ద్రేక్కాణం, గ్రీకు డెకానోస్.

ఇక పెళ్లి ముహూర్తం. లగ్నానికి ఏడో ఇంట గ్రహం లేకుండా చూడడాన్ని పురోహితులు జామిత్ర శుద్ధి అంటారు. ఏడో ఇల్లంటే లగ్నానికి సరిగ్గా ఎదురు, 180 డిగ్రీలు. జామిత్రం గ్రీకు డియామెట్రోన్. అడ్డంగా కొలిచేది, అంటే వ్యాసం. గురజాలలో పురోహితుడు పంచాంగం తిరగేసి జామిత్రం బాగుందన్నాడంటే, బడిలో ‘డయామీటర్’ అని వల్లించే మాటనే మరో గొంతుతో అన్నట్టు. ‘లిప్తపాటు’ సంగతీ అంతే. డిగ్రీలో అరవయ్యో వంతుకు లిప్త అని పేరు. గ్రీకులో లెప్టోన్ అంటే సన్ననిది, చిన్నది. కోణాన్ని కొలిచిన మాట తెలుగు నవలల్లో కాలాన్ని కొలిచే మాటగా స్థిరపడింది. ‘కోణం’ కూడా గ్రీకు గోనియా నుంచి వచ్చిందని కొందరు పండితులు అంటారు. అందరూ ఒప్పుకోరు.

ఇన్ని మాటలు అరువొచ్చినా, బొమ్మ గీసి లెక్క కట్టే అసలు జ్యామితిలో మన పేర్లు చాలా వరకు మనవే. గ్రీకుల త్రిభుజానికి కాళ్లుంటాయి, మన త్రిభుజానికి చేతులు. రెండు భుజాలు సమానమైతే గ్రీకులో ఇసోస్కెలెస్, సమానమైన కాళ్లది. మూడూ వేరువేరైతే స్కాలెనోస్, ఎగుడుదిగుడుది, కుంటిది. మనది సమద్విబాహువు, విషమబాహువు. వృత్తంలో ముక్కను మనవాళ్లు విల్లుగా చూశారు. వంపు చాపం, అడ్డగీత జ్య అంటే అల్లెతాడు, నడుమ నిలువు గీత శరం. ఆ చూపు నుంచే ఆర్యభటుడి జ్యా పట్టిక వచ్చింది. ఇవాళ సైన్ అని పిలిచేదానికి మూలమదే.

ఒక్కచోట మాత్రం రెండు భాషలూ విచిత్రంగా ఒకే పనిముట్టు పట్టుకున్నాయి. ఎండలో నిలబెట్టి నీడను కొలిచే కర్ర గ్రీకులో గ్నోమోన్, తెలియజెప్పేది. అది బాబిలోన్ వాళ్ల నుంచి తమకు వచ్చిందని హెరొడోటస్ రాశాడు. మన వైపు దాని పేరు శంకువు. వృత్తం గీసి నడుమ శంకువు నాటి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం దాటాక ఒకసారి నీడ కొస వృత్తాన్ని తాకిన రెండు చోట్లనూ కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. ఈ పద్ధతి యజ్ఞవేదికలకు తాడు కొలతలు చెప్పే కాత్యాయన శుల్బసూత్రంలో ఉంది. ఆ మేకే జ్యామితిలో మొనదేలిన ఘనాకారం అయింది. ఆ మేకును పాతడమే శంకుస్థాపన. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు చేసింది కూడా అదే.

గ్రీకులో గ్నోమోన్ మరో మలుపు తిరిగింది. నీడకర్ర నుంచి వడ్రంగి వాడే లంబకోణపు పనిముట్టు పేరుగా మారింది. తాపీ మేస్త్రీలు మూలమట్టం అనేది దాన్నే. పిడుగురాళ్ల చుట్టుపక్కల కొత్త ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మూల సరిగ్గా రావాలని మేస్త్రీలు ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తుపెట్టి, అడ్డంగా 5 వచ్చిందా అని టేపుతో చూస్తారు. ఆ ‘అడ్డం’ మనకు కర్ణం. గ్రీకులకు హుపోటెయినూసా, లంబకోణం కింద సాగదీసి కట్టినది.

అక్కడి నుంచి గ్నోమోన్ సంఖ్యల్లోకి దూకింది. ఇక్కడ గ్రీకు మాటల కన్నా సంక్రాంతి ముగ్గులు బాగా పనికొస్తాయి.

పైథాగరస్ వర్గం వాళ్లు సంఖ్యలను గులకరాళ్లతో పేర్చి చూసేవారు. యూరిటస్ అనే ఆయన రాళ్లతో మనిషినీ గుర్రాన్నీ కూడా పేర్చి వాటి సంఖ్య ఇదీ అనేవాడని అరిస్టాటిల్ చెబుతాడు. ఒక రాయి పెట్టి, దాని చుట్టూ మూలమట్టం ఆకారంలో మూడు పెడితే నాలుగు, చతురస్రం. ఇంకో మూలమట్టం అయిదు రాళ్లతో పెడితే తొమ్మిది. ఏడు పెడితే పదహారు. బేసి సంఖ్యలను వరసగా కూడితే ఎప్పుడూ వర్గసంఖ్యే వస్తుందని బీజగణితం లేకుండానే కంటికి కనపడుతుంది. ఈ రాళ్లు పేర్చిన సంఖ్యలకు త్రిభుజ సంఖ్యలు, చతురస్ర సంఖ్యలు, పొడుగు సంఖ్యలు అని ఆకారాల పేర్లే పెట్టారు.

ముగ్గు వేసేవాళ్ల లెక్క కూడా ఇదే. ‘7 చుక్కలు, 1 వచ్చే దాకా సందు చుక్క’ అంటే నడి వరుసలో ఏడు, పైకీ కిందికీ ఆరు, అయిదు, అలా ఒకటి దాకా. మొత్తం 49. నడి వరుసతో కలిపి పై సగం 28, కింది సగం 21, రెండూ త్రిభుజ సంఖ్యలు. పక్కపక్కనే ఉన్న రెండు త్రిభుజ సంఖ్యలు కలిస్తే చతురస్రం అవుతుందని 2వ శతాబ్దంలో స్మర్నా ఊరి థియోన్ రాశాడు. ‘9 చుక్కలు, 1 వచ్చే దాకా ఎదురు చుక్క’ అయితే వరుసకు రెండేసి తగ్గుతాయి. నడుమ దాకా 1, 3, 5, 7, 9 కలిపితే 25, మిగిలిన సగం 16, మొత్తం 41. ఇక ‘15 చుక్కలు, 8 వచ్చే దాకా సందు చుక్క’ ఆరు పలకల ముగ్గు. అందులో చుక్కలు 169. అది 13 పదమూళ్లు కూడా. ఆరు పలకల ముగ్గును చెరిపి అవే చుక్కలతో నలుచదరం ముగ్గు పెట్టొచ్చన్నమాట. 7 నుంచి 4 దాకా పెట్టే చిన్న ముగ్గులోని 37 చుక్కలకు ఈ అదృష్టం లేదు.

సరి, బేసి అనే విభజన గ్రీకుల దగ్గర కూడా మొదట ఆటే. గుప్పిట్లో ఎముక ముక్కలు దాచి సరా బేసా అని అడిగే పిల్లల్ని ప్లేటో ‘లైసిస్’లో చూపిస్తాడు. మన దగ్గర ఆ ముక్కల స్థానంలో చింతపిక్కలు. సరికి గ్రీకు మాట ఆర్టియోస్, అమరినది. బేసికి పెరిస్సోస్, మిగిలిపోయినది. ప్లేటో మరోచోట సరి సంఖ్యను ‘సమానమైన కాళ్లది’ అనీ, బేసిని ‘కుంటిది’ అనీ త్రిభుజాల పేర్లతో పిలిపిస్తాడు. ఇప్పటి జోర్డాన్‌లో ఉన్న గెరాసా ఊరివాడు నికోమాకస్ క్రీ.శ. 100 ప్రాంతంలో ఇంకా ముందుకు పోయాడు. తనను మినహాయించి తన భాజకాల మొత్తం తనకే సమానమైతే అది పరిపూర్ణ సంఖ్య. 6 అలాంటిది, 1+2+3. 28 అలాంటిది, 1+2+4+7+14. మొత్తం ఎక్కువైతే, 12కు 16 వచ్చినట్టు, అది చేతులూ పళ్లూ ఎక్కువ మొలిచిన జంతువు. తక్కువైతే, 8కి 7 వచ్చినట్టు, అది ఒంటికన్నుది. ఉపమానాలు రక్తి కట్టాయి గానీ ఆయన ధీమా కొంప ముంచింది. 6, 28, 496, 8128 చూసి, పరిపూర్ణ సంఖ్యలు అంకెల స్థానానికి ఒకటి చొప్పున ఉంటాయనీ, చివర 6, 8 మార్చి మార్చి వస్తాయనీ చెప్పేశాడు. అయిదోది 3,35,50,336. అయిదంకెలు ఉండాల్సింది ఎనిమిది ఉన్నాయి. ఆరోది 858,98,69,056. రెండింటి చివరా ఆరే.

మళ్లీ మన వైపుకు వస్తే, తెలుగులో దొరుకుతున్న మొదటి గణిత గ్రంథం పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితం’. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలపు జైన పండితుడు మహావీరుడు సంస్కృతంలో రాసిన ‘గణితసారసంగ్రహం’ దీనికి మూలం. మహావీరుడి క్షేత్రగణితంలో పేర్లు వింటే గ్రీకుల బల్లా బొంగరమూ గుర్తొస్తాయి. ఆయన పొలాలకు, బొమ్మలకు వైశాల్యం కట్టే పద్ధతులు చెప్పిన ఆకారాల్లో ఏనుగు దంతం ఉంది, మద్దెల ఉంది, శంఖం ఉంది, యవగింజ, వజ్రాయుధం, నెలవంక ఉన్నాయి. కోడిగుడ్డు పోలికలో సాగిన వృత్తాన్ని ఆయతవృత్తం అన్నాడు. అదే ఆకారానికి పెర్గా ఊరి అపొలోనియస్ క్రీ.పూ. 200 ప్రాంతంలో పెట్టిన పేరు ఎల్లెయిప్సిస్, అంటే లోటు. వైశాల్యాలను పోల్చినప్పుడు తగ్గింది కాబట్టి లోటు, మించితే హైపర్బోలా. అపొలోనియస్ పేరు ఆకారం గురించి ఏమీ చెప్పదు, సిద్ధాంతం తెలిసినవాడికే అర్థమవుతుంది. గ్రీకులు కూడా చివరకు మన పాఠ్యపుస్తకాల దారే పట్టారని దీన్నిబట్టి అనుకోవచ్చు. మద్దెల ఆకారపు పొలం ఇవాళ ఏ తరగతి సిలబస్‌లోనూ లేదు. పల్నాడు మెట్టలో మాత్రం వాగు కోసిన చెక్కలు సమలంబ చతుర్భుజాల కన్నా దానికే దగ్గరగా ఉంటాయి.

పేరు పెట్టడానికే గ్రీకులు తడబడిన సంఖ్యలు కొన్ని ఉన్నాయి. భుజం 1 అయిన చతురస్రం కర్ణం పొడవు, 2 వర్గమూలం, ఏ రెండు పూర్ణసంఖ్యల నిష్పత్తిగానూ రాదు. దాన్ని అర్హెటోస్, చెప్పరానిది అన్నారు. అలోగోస్, నిష్పత్తి లేనిది అనీ అన్నారు. ఈ జాతి పొడవులను వర్గీకరించడానికి యూక్లిడ్ పదో అధ్యాయంలో 115 సిద్ధాంతాలు ఖర్చుపెట్టాడు. మన శుల్బసూత్రాల వాళ్లు దాని గురించి వాపోలేదు. రెట్టింపు వైశాల్యం ఉన్న చతురస్రాన్ని ‘చేసే’ తాడు కాబట్టి ద్వికరణి అన్నారు. ఆ కరణి నుంచే బడి పుస్తకాల్లో కరణీయ సంఖ్య, అకరణీయ సంఖ్య వచ్చాయి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఇక్కడ తరచూ బోల్తా పడతారు. లేదని చెప్పే ‘అ’ గ్రీకులో నిష్పత్తి కుదరని వాటి ముందు ఉంటుంది, తెలుగులో కుదిరిన వాటి ముందు ఉంటుంది. 3/4 అకరణీయం, 2 వర్గమూలం కరణీయం.

ద్వికరణి పొడవుకు శుల్బసూత్రకారుల్లో ఒకడైన బౌధాయనుడి లెక్క ఇది: ఒకటికి దానిలో మూడో వంతు కలపాలి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలపాలి, ఈ చివర కలిపినదాంట్లో ముప్పైనాలుగో వంతు తీసేయాలి. వచ్చేది 1.4142157. అసలు విలువ 1.4142136. నూరడుగుల చతురస్రానికి ఈ లెక్కతో కర్ణం కొలిస్తే తేడా మిల్లీమీటరులో పదో వంతు కూడా రాదు. మేస్త్రీ చేతిలోని టేపు మీద అంత చిన్న గీత లేదు.